గుంపు సీను

పొదల్లోంచి తోడేలు బయటికి దూకిన తీరు చూసి నవ్యకు ఒళ్ళు జలదరించింది. 'ఇదిరా బాలూ, ఇదీ నాకు కావాల్సింది' అని మనసులోనే అనుకుంది. రిహార్సల్లో ఎన్నిసార్లు చెప్పినా కుందేలులా గంతులేసిన బాలరాజు, ఇప్పుడు ఒక చేత్తో నేల తడుముకుంటూ, తల అటూ ఇటూ విసురుతూ, దారి కోసం నిజంగానే వెతుక్కుంటున్న జంతువులా పరిగెత్తుతున్నాడు. మధ్యలో ఆగాడు. కెమెరా వైపు తిరిగి మెడ సాచి ఒక అరుపు అరిచాడు.

"ఆపకు. తీస్తూనే ఉండు" అంది నవ్య, కెమెరా వెనకున్న తమ్ముడు ప్రవీణ్‌తో.

తోడేలు వెనకే పొదల్లోంచి మనుషులు వచ్చారు. ఇద్దరు, ముగ్గురు, ఆ తర్వాత పదిమందికి పైనే. చేతుల్లో కర్రలు, రాళ్ళు. ఒకడి చేతిలో క్రికెట్ బ్యాటు. ఆ రోజు తీయాల్సిన సీన్లో మనుషులే లేరు.

"అక్కా, వీళ్ళెవరు?" అన్నాడు ప్రవీణ్.

క్యాంపస్‌లో జర్నలిజం చదువుతున్న నవ్య ఆ చలికాలమంతా ఆదివారాలు పోగుచేసి తీస్తున్న సినిమా పేరు 'పున్నమి డ్యూటీ'. హాస్టల్ వాచ్‌మన్ ఒకణ్ణి ఏదో జంతువు కరుస్తుంది. అక్కణ్ణుంచి ప్రతి పున్నమికీ అతను తోడేలవుతాడు. ఇంట్లోవాళ్ళు అతణ్ణి దాచుకోలేక, వదులుకోలేక నలిగిపోతారు. అదీ కథ. వాచ్‌మన్‌గా క్లాస్‌మేట్ బాలరాజు, అతని తల్లిగా నవ్య వాళ్ళమ్మ రమాదేవి, డాక్టరుగా తార్నాకలో వాళ్ళ కింది పోర్షన్లో ఉండే బుచ్చిబాబు వేస్తున్నారు. తోడేలు ఒళ్ళు రమాదేవి కుట్టు మిషను మీద తయారైంది. పాత నల్ల రగ్గులు, గోనెపట్టా, ఎవరో నాటకాలవాళ్ళ దగ్గర దొరికిన సవరాలు కలిపి కుట్టింది. వీపు మీద సందు కనబడుతోందని నవ్య పేచీ పెడితే, ఆ రోజు బాలరాజును లోపలికి ఎక్కించాక జిప్పు మీద నుంచి దారం వేసి కుట్టేసి వెళ్ళింది కూడా. నోట్లో ప్లాస్టిక్ కోరలు గట్టిగా అంటించారు. చేతులకు గోళ్ళ తొడుగులు. అతను తనంతట తాను కోరలు ఊడదీసుకోలేడు, బట్ట విప్పుకోలేడు.

అనుమతి తీసుకున్నది లైబ్రరీ ముందు పచ్చికలో తీయడానికి. అక్కడ వెలుగు బాగాలేదని, ఎవరికీ చెప్పకుండా అందరినీ వెనక తుప్పల్లోని కాలిబాటకు తీసుకొచ్చింది నవ్యే. సాయంత్రపు ఎండలో తీసి, తర్వాత కంప్యూటర్లో నీలం పూసి రాత్రి చేసుకోవచ్చని ఆమె ప్లాను. ఆ తుప్పల్లో చిరుతపులి తిరుగుతోందని వారం రోజులుగా ఫోన్లలో మెసేజీలు వస్తున్నాయని ఆమెకూ తెలుసు. చదివి నవ్వుకుంది.

"పులి కాదురా! మనిషి!" గుంపులోంచి ఎవరో అరిచారు. "వేషం ఏసుకున్నడు!"

"పోరగాండ్లను ఎత్కపోయేటోడు! పట్టుర్రి!"

పులి అనుకున్నంతసేపూ వాళ్ళు కాస్త దూరంగా ఉన్నారు. మనిషి అని తెలిశాక మీదికొచ్చారు.

మొదటి దెబ్బ బాలరాజు కుడి భుజం మీద పడింది. ఆ చప్పుడు విన్నాక గాని నవ్య కాళ్ళు కదల్లేదు. "ఆగండి, సినిమా, సినిమా!" అని అరుస్తూ పరిగెత్తింది. ప్రవీణ్ కెమెరాను స్టాండు మీదే వదిలేసి ఆమె వెనక పరిగెత్తాడు. గుంపు అరుపుల్లో వాళ్ళ గొంతులు ఎవరికీ వినబడలేదు. బాలరాజు కింద పడ్డాడు. చుట్టూ కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు నవ్యకు.

వాళ్ళకంటే ముందు అక్కడికి చేరింది ఆమె తండ్రి ఓబులేసు. యూనివర్సిటీ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు. జమ్మలమడుగు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఆఫీసులో ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. పిల్లలకు పులిహోర డబ్బా పట్టుకొచ్చి, లైబ్రరీ ముందు వాళ్ళు కనబడక అరుపులు విని ఇటు వచ్చినవాడు డబ్బా పారేసి, కాళ్ళ మధ్య నుంచి దూరి బాలరాజు మీద బోర్లా పడిపోయాడు. ఒక దెబ్బ ఆయన వీపు మీద పడింది.

"కొట్టాకండప్పా! మా పిల్లోడు! సినిమా తీస్తాండారు, మా పిల్లోల్లు!" అంటూ మెడలోని ఆఫీసు కార్డు పైకెత్తి పట్టుకున్నాడు.

ముందు వరసలో కర్ర ఎత్తిన మనిషి ఆగిపోయాడు. క్యాంపస్‌లో తోటపని చేసే పేరయ్య. "సార్... మీరా?" అన్నాడు. అతని చేతిలో కర్ర కిందికి దిగింది. వెనకున్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. బ్యాటు పట్టుకున్నవాడు ఎటు వెళ్ళాడో తెలీదు.

కోరలు ఊడదీసేసరికి బాలరాజు చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది.  కుట్టు విప్పడానికి కత్తెర లేకపోతే ప్రవీణ్ పళ్ళతో దారం కొరికాడు.

భుజం ఎముక చిట్లిందన్నారు ఆస్పత్రిలో. కంప్లయింటు ఇద్దామంటే బాలరాజు వద్దన్నాడు. "ఎవని మీద ఇస్త? అందరూ కొట్టిన్రు" అన్నాడు. సెక్యూరిటీ ఆఫీసరు నవ్యను పిలిపించి, అనుమతి ఎక్కడికి, మీరు తీసింది ఎక్కడ అని ఒక్క ముక్క అడిగాడు. 

ఆ వారం చివర్లో ప్రవీణ్ గదిలోకి వచ్చి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాడు. "కెమెరా ఆగలేదక్కా. నువ్వొకసారి చూడు."

చూసింది. ఊపిరి తీసుకోవడం మరిచిపోయి చూసింది. వాలిన ఎండ, దుమ్ము, ఆ దుమ్ములోంచి దూసుకొచ్చే నల్లటి ఆకారం, అది మెడ సాచి అరిచే అరుపు, వెనక నుంచి కమ్ముకునే గుంపు. ఆ తర్వాత ఎవరో మనిషి వచ్చి తోడేలును తన ఒంటితో కప్పేయడం. వాచ్‌మన్‌ను జనం చుట్టుముట్టే సీను స్క్రిప్టులో ఉంది. అంతమందిని ఎక్కణ్ణుంచి తేవాలో తెలియక ఇన్నాళ్ళూ వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడది ఎదురుగా ఉంది. వాళ్ళు తీసిన మిగతా సినిమా అంతా దీని ముందు స్కూల్ యానివర్సరీ నాటకంలా ఉంది.

డిపార్టుమెంటులో సినిమా పాఠాలు చెప్పే శశిభూషణ్ అది చూసి కళ్ళజోడు తీసేశాడు. "నవ్యా, నీ సినిమా ఇదమ్మా. మిగతాదంతా దీనికోసమే ఉన్నట్టుంది. మొహాలు బ్లర్ చేసి పెట్టేయ్. ఏప్రిల్‌లో మన స్క్రీనింగ్‌కి బయట ఫెస్టివల్ వాళ్ళు కూడా వస్తున్నారు. ఇలాంటిది డబ్బు పోసినా దొరకదు."

"బాలరాజును అడగాలి సార్."

"అడుగు. ఆర్టిస్టు కదా, అతనికీ తెలుస్తుంది."

అడగడానికి అంబర్‌పేట వెళ్ళే బస్సులో, అతను ఒప్పుకోవాలనే కోరుకుంది నవ్య. ఆ కోరిక తనదేనని ఆమెకు తెలుసు. అందుకే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

బాలరాజు చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో ఉంది. ఆమె అడగడం పూర్తి కాకముందే, "పెట్టుకో, నాకేంది" అన్నాడు. "సార్ కూడా ఫోన్ జేసిండు. మస్తుగుందన్నడు."

అక్కడితో లేచి వచ్చేయవచ్చు. అతను ఒప్పుకున్నాడు, ప్రవీణ్ సంతోషిస్తాడు, సార్ సంతోషిస్తాడు. నవ్య లేవలేదు.

"నువ్వు చూశావా?"

"లే."

"చూడకుండా ఎట్లా ఒప్పుకుంటావ్?" అని ల్యాప్‌టాప్ తెరిచింది.

అతను మంచం అంచున కూర్చుని చూశాడు. పొదల్లోంచి తోడేలు దూకింది. పరిగెత్తింది. ఆగింది. మెడ సాచి అరిచింది. బాలరాజు బాగున్న చేత్తో ఆపేశాడు.

"ఇది నువ్వు దేనికనుకున్నవ్?"

"ఏది?"

"గీ అరుపు."

 సార్ కూడా ఆ అరుపు గురించే ప్రత్యేకంగా చెప్పాడు. జంతువు గొంతులో మనిషి వినబడుతున్నాడన్నాడు.

"నిన్ను పిలిచిన నవ్యా" అన్నాడు బాలరాజు. గొంతులో కోపం లేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. "వెనకకెల్లి వస్తున్రని తెల్సింది. నువ్వు గాడ నిలబడ్డవ్ కదా, నీ పేరు పెట్టి పిలిచిన. నోట్ల గా పండ్లుంటే పేరు ఏడొస్తది? గట్ల వచ్చింది."

ఆమె ఆ దృశ్యాన్ని మళ్ళీ వెనక్కి తిప్పలేదు. తిప్పకుండానే అంతా కనబడింది. అతను కెమెరా వైపు తిరగలేదు, తన వైపు తిరిగాడు. ఆ క్షణంలో తను తమ్ముడితో ఆపకు, తీస్తూనే ఉండు అంటోంది.

బాలరాజు ల్యాప్‌టాప్ మూసేశాడు. దాన్ని ఆమె వైపు జరిపాడు. "పెట్టుకో అంటున్న కదా. మంచిగనే వచ్చింది" అన్నాడు మళ్ళీ.

"పెట్టను" అంది నవ్య.

ఆ సాయంత్రం ఇంట్లో అక్కాతమ్ముళ్ళ గొడవకు బుచ్చిబాబు పైకి వచ్చి తలుపు తట్టాల్సి వచ్చింది.

"వాడే పెట్టుకోమన్నాడు కదా! నీకేంటి మధ్యలో?" ప్రవీణ్ ముఖం ఎర్రబడిపోయింది. "నాన్న దెబ్బ తిన్నాడు, బాలన్న దెబ్బ తిన్నాడు. అంతా వేస్టేనా?"

"దెబ్బలు తిన్నది సినిమా కోసం కాదురా. నేను చూస్తూ నిలబడినందుకు."

మూలన కూర్చుని వీపుకు మందు రాయించుకుంటున్న ఓబులేసు చొక్కా కిందికి లాక్కున్నాడు. "దాంట్లో నేను కూడా ఉండా కదా నాయనా. నన్ను ఎవురూ అడగల్యా" అన్నాడు. ప్రవీణ్ తిరిగి చూస్తే ఆయనే మళ్ళీ అన్నాడు: "నాకూ వద్దు. ఆ పిల్లోడు నా కింద ఎట్లా వణికినాడో నాకు తెలుసు. దాన్ని జనం ముందర ఆడించాకండి."

బాలరాజు చెయ్యి గుడ్డలోంచి బయటికి వచ్చాక మళ్ళీ తీయాలనుకున్నారు. గుంపుకు ఎవరు? ఇంట్లోవాళ్ళూ, స్నేహితులూ, బుచ్చిబాబు వాకింగ్ మిత్రులూ. ఈసారి నవ్య ప్రతి గేటుకూ తనే వెళ్ళి చెప్పింది. గార్డులను చోటు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. శశిభూషణ్ మాత్రం, "నీ ఇష్టం. చేతికొచ్చినదాన్ని పారేసుకుంటున్నావ్" అని కళ్ళజోడు పెట్టుకుని పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టాడు.

షూటింగుకు ముందురోజు పేరయ్య తార్నాక ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, మెట్ల మీదే నిలబడ్డాడు. బాలరాజు అప్పుడే అక్కడికి వచ్చి ఉన్నాడు. కొత్త జిప్పు ఛాతీ మీదికి మార్చిన తోడేలు ఒళ్ళు తొడిగి, రమాదేవి కొలత చూస్తోంది. తలుపు సందులోంచి బాలరాజూ పేరయ్యా ఒకరినొకరు చూసుకున్నారు.

"మీ నాయన సారు చెప్పిండు, మనుషులు కావాల్నంట గదా" అన్నాడు పేరయ్య నవ్యతో. చూపు మాత్రం నేల మీద ఉంది. "నేనొస్త."

"వద్దు" అంది రమాదేవి వెంటనే. "నువ్వొద్దు. ఆ పిల్లోనికి ఇంగా నిద్ర పట్టడంల్యా."

పేరయ్య తలూపి వెనక్కి తిరిగాడు. రెండు మెట్లు దిగాక బాలరాజు పిలిచాడు. "కాకా. పొద్దుమూకక ముందే రా. వెల్తురు పోతది."

ఎందుకు పిలిచావని రాత్రి నవ్య ఫోన్లో అడిగితే, "ఏమో, ఆయన మొఖం చూడకుంటనే నిద్ర పడ్తలేదు, చూస్తెనన్న పడ్తదేమో" అన్నాడు.

మర్నాడు అదే కాలిబాట. గుంపు వెనకే కొడుకు కోసం పరిగెత్తుకొచ్చే తల్లిగా రమాదేవి చేతిలో అప్పడాల కర్ర ఉంది. బుచ్చిబాబు గొడుగు తెచ్చుకున్నాడు. "ఏవమ్మా, డాక్టరు గుంపులో ఉంటే కథ చెడదూ? టోపీ పెట్టుకోనా?" అని అడిగాడు. కొందరు నవ్వారు. పేరయ్య చేతికి పేపరు చుట్టి రంగు వేసిన ఉత్తుత్తి కర్ర ఇచ్చారు. అతను దాన్ని రెండు చేతులతో పట్టుకుని అందరికీ దూరంగా నిలబడ్డాడు.

నవ్య ఈసారి కెమెరా దగ్గర ఉండనంది. బాలరాజుకు కనబడేంత దగ్గరలో, ఫ్రేము అంచుకు అవతల నిలబడింది. "చెయ్యెత్తితే చాలు, ఆపేస్తాం. అరవక్కర్లేదు" అంది. కోరలు ఈసారి వదులుగా పెట్టారు, ఉమ్మేస్తే ఊడిపడేలా.

"యాక్షన్" అన్నాడు ప్రవీణ్.

పొదల్లోంచి తోడేలు వచ్చింది. మామూలుగానే వచ్చింది, కుందేలు గంతులతో. వెనక గుంపు వచ్చింది. తోడేలు కింద పడాల్సిన చోట ఆగింది. పేరయ్య దాని ముందుకు వచ్చి కర్ర ఎత్తాడు.

అక్కడ ఇద్దరూ బిగుసుకుపోయారు. పేరయ్య చెయ్యి పైనే ఉండిపోయింది. రగ్గుల లోపల బాలరాజు ఛాతీ ఎగిరెగిరి పడటం నవ్యకు కనబడుతోంది. బుచ్చిబాబు చేతిలోని గొడుగు కింద పడింది. ఆ చప్పుడుకు తోడేలు ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేసింది. అమ్మ అప్పడాల కర్ర ఛాతీకి అదుముకుంది. నవ్య గొంతు దాకా వచ్చిన 'కట్'ను మింగింది. అతను చెయ్యెత్తలేదు. ఎత్తుతాడేమోనని ఆ చేతినే చూస్తూ నిలబడింది, రెప్ప వేయడానికి కూడా భయపడుతూ.

బాలరాజు కోరలు ఉమ్మేశాడు.

"కొట్టు కాకా."

"నాతోని కాదు బిడ్డా."

"నువ్వు కొడ్తెనే నేను పడాలె. పడ్తెనే సీను అయితది. కొట్టు."

పేరయ్య కొట్టాడు. పేపరు కర్ర భుజాన్ని తాకిందో లేదో, ఎడమవైపు, దెబ్బ తగలని భుజం మీద. తోడేలు ఒరిగి పడిపోయింది. పేరయ్య పక్కనే మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అతని వీపు కదులుతోంది. ఏం చేయాలో తెలియక బుచ్చిబాబు టోపీ తీసేశాడు. రమాదేవి స్క్రిప్టులో ఉన్నట్టే పరిగెత్తుకుంటూ వచ్చి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. తీసుకున్నాక పేరయ్య భుజం మీద కూడా చెయ్యి వేసింది. అది స్క్రిప్టులో లేదు.

"కట్" అని ఎవరూ అనలేదు. కాసేపటికి తోడేలే లేచి కూర్చుని పేరయ్యకు మంచినీళ్ళ సీసా అందించింది.

ఏప్రిల్‌లో, ఒక మధ్యాహ్నం, డిపార్టుమెంటు సెమినార్ హాల్లో 'పున్నమి డ్యూటీ' ఆడింది. ఏసీ పనిచేయక జనం కరపత్రాలతో విసురుకుంటూ చూశారు. వాచ్‌మన్ తోడేలుగా మారే చోట, కాలి కింద హవాయి చెప్పు కనబడి హాలంతా గొల్లుమంది. నవ్య చెవులు కాలిపోయాయి. పక్కకు చూస్తే బాలరాజు అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు. బుచ్చిబాబు తన డైలాగు తెర మీద రాకముందే కుర్చీలోంచి తనే చెప్పేశాడు.

గుంపు సీను మొదలైంది.  అప్పడాల కర్ర చూసి ముందు వరసలో నవ్వులు. తోడేలు ఆగింది. కర్ర పైకి లేచి అలాగే ఉండిపోయింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. 'కొట్టు కాకా' అన్న మాటలను నవ్య తీసేయలేదు. వాచ్‌మన్ తోడేలు నోటితో చివరిసారి మనిషిలా మాట్లాడినట్టు ఉంచేసింది. కొట్టినవాడు మోకాళ్ళ మీద పడి ఏడుస్తుంటే, తల్లి ఇద్దరినీ దగ్గరికి తీసుకుంటుంటే, హాల్లో కరపత్రాల చప్పుడు కూడా లేదు.

ఫెస్టివల్ నుంచి వచ్చినామె సినిమా అయ్యాక, "మీ తోడేలు అస్సలు నమ్మేలా లేదు, మీ మనుషుల్ని మాత్రం నమ్మకుండా ఉండలేకపోయాను" అంది. పిలుస్తామని మాత్రం చెప్పలేదు. శశిభూషణ్ దగ్గరికి వచ్చి నవ్య భుజం తట్టాడు. "బాగుంది. కానీ నేనైతే అదే పెట్టేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు సార్" అంది నవ్య. అతను తప్పు చెప్పాడని ఆమెకు అనిపించలేదు. అది నిజంగానే గొప్పగా ఉంది. అంత గొప్పది తనకు వద్దనుకుంది, అంతే.

ప్రవీణ్ ఆ మొదటిరోజు రికార్డింగును ఆ రాత్రే చెరిపేశాడు, ఎవరూ అడక్కుండానే.

హాల్లోంచి అందరూ కలిసి తార్నాక చౌరస్తా వైపు టీకి నడిచారు. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా లేవక బాలరాజు గ్లాసు ఎడంచేత్తో పట్టుకున్నాడు. అతని పక్కన బెంచీ చివర కూర్చున్న పేరయ్య గ్లాసు కింద పెట్టి, మెల్లగా అడిగాడు.

"నా మొఖం అంతసేపు చేతులతోనే మూసుకున్న గదా బిడ్డా. మా ఇంటోల్లు చూస్తే నేనని గుర్తుపడ్తరా?"

"కర్ర ఎత్తినప్పుడు కనబడ్డవ్ కదా కాకా, మస్తుగ" అన్నాడు బాలరాజు. "ఆదివారం మీ ఇంటికొస్తం. ల్యాప్‌టాప్‌ల చూపిస్తం."